సిద్దమ్మ చేతి అడ్వాన్సు

కుప్పం
2 మార్చి 2022

పాపా,

నువ్వు చదవవు. నీకు సొంతిల్లు లేకపోవడానికి ఈ దేశంలో పన్ను చట్టాలు రాసేవాళ్లు ఎంత కారణమో, నువ్వు చదవకపోవడమూ అంతే కారణం. హైస్కూల్లో సైన్సు టీచరువి. ప్రతి ఫిబ్రవరిలో ఇన్‌కంటాక్సు కాగితాల మీద గుమాస్తా ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం పెట్టి వస్తావు. జీతంలోంచి ఎంత పోయింది, ఎందుకు పోయింది, పోకుండా ఏదన్నా దారి ఉందా అని ఒక్కనాడైనా అడిగావా?

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. కానీ నేను గొంతు పెంచుతాను, నువ్వు "సర్లే అన్నా" అని ఫోను అమ్మకిస్తావు, అమ్మ "తిన్న్యావా నాయనా" అంటుంది, అక్కడితో మాట చచ్చిపోతుంది. అందుకే రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో ఆపలేవు.

విషయం ఇది. ఇంటి అప్పుకు కట్టే వడ్డీలో ఏడాదికి రెండు లక్షల దాకా పన్ను లెక్కలోంచి తీసేస్తారు. అది అందరికీ. తన పేరున అంతవరకూ ఏ ఇల్లూ లేనివాళ్లు మొదటిసారి కొంటే, దానిపైన ఇంకో లక్షన్నర. ఇంటి రిజిస్ట్రేషన్ విలువ నలభై ఐదు లక్షలు దాటకూడదు. ఈ రెండోది ఈ మార్చి ముప్పై ఒకటితో ఆఖరు. మొన్నటి బడ్జెట్‌లో పొడిగిస్తారేమోనని చూశాం. పొడిగించలేదు.

ఈ రాయితీ ఎవరికో గమనించు. ఇల్లు లేనివాడికి కాదు. ఇల్లు లేకపోవడం ఒక్కటే చాలదు, జీతం ఉండాలి. ఆ జీతం మీద పన్ను పడాలి. ఆ పన్నును చూసి బ్యాంకువాడు అప్పివ్వాలి. ఆ అప్పు మీద వడ్డీ రెండు లక్షలు దాటాలి. అప్పుడు ప్రభుత్వానికి నీ మీద జాలి కలుగుతుంది. మన నాయన బాలప్ప రాళ్లు కొట్టి ఎందరి ఇళ్లకో పునాదులు వేశాడు, బాడుగ కొట్టంలో చచ్చిపోయాడు. ఆయన మీద ఏ బడ్జెట్‌కూ జాలి కలగలేదు. ఇప్పుడు మన ఇంట్లో ఈ జాలికి అర్హత ఉన్నది నీ ఒక్కదానికే. దాన్నీ వదులుకుంటావా?

మీ ఆయన ఉదయ్ చెప్పాడు, పుంగనూరులో రెడ్డెమ్మ పాత మిద్దె చూస్తున్నారట. ఆవిడ ఉగాది పోతే గాని సంతకం పెట్టదట. ఉగాది ఏప్రిల్ రెండు. గడువు మార్చి ముప్పై ఒకటి. రెండు రోజుల కోసం, పంచాంగం కోసం, ఏటా వచ్చే మినహాయింపు పోగొట్టుకుంటారా? అదీ రెడ్డెమ్మ ఇంటి కోసమా?

మదనపల్లె నుంచి అంగళ్లు ఊరికి పోయే దారిలో శేఖర్ అనే అతను కొత్త లేఔట్ వేసి ఇళ్లు కట్టిస్తున్నాడు. మా కాలేజీలో ఇద్దరు కొన్నారు. వెళ్లి చూడండి. వెంటనే.

కోపంగానే,
మీ అన్న
గురుమూర్తి


మదనపల్లె
8 మార్చి 2022

అన్నకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. నన్ను తిట్టిన భాగం కూడా వదల్లేదు. అమ్మ నవ్వి, "ఇస్కూలు పిల్లోళ్ల మాదిరి యాల తిట్టుకుంటారు" అంది.

రెడ్డెమ్మ ఇంటి గురించి నువ్వు అనుకునేది వేరు, జరిగింది వేరు. ఆమె బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతోంది. ఇల్లు అమ్ముతుందని మా బడి అటెండరు చెబితే, చూసొద్దామని అమ్మను తీసుకుపోయాను. అమ్మ గేటు దగ్గరే నిలబడింది. కరువొచ్చి పెద్దమండ్యం దిక్కు నుంచి పుంగనూరుకు కూలికొచ్చిన ఏడు కట్టిన ఇల్లట అది. నాయన రాయి కొట్టాడు, అమ్మ గార మోసింది. గృహప్రవేశం రోజున కూలోళ్లందరికీ గేటు బయట విస్తర్లు వేశారట. ఆ గేటు దగ్గరే అమ్మ కాళ్లు ఆగిపోయాయి.

రెడ్డెమ్మ లోపలినుంచి చూసి ఏమందో తెలుసా? "యాల సిద్దమ్మా, ఆడనే నిలబడుకోనుండావు? లోపలికి రా. నువ్వు కట్టినిల్లే గదా, నువ్వే ఉండుకో." పెద్దావిడ ముసలిదయిపోయింది. కళ్లు సరిగ్గా కనిపించవు. అమ్మ చేయి పట్టుకుని గదులన్నీ తిప్పింది. అమ్మ గోడల్ని అరచేత్తో తట్టి చూస్తూ, "ఈడ రాయి రెండు దొంతులు. ఆడ మీ మామ కక్కుర్తి పడి ఒగటే పెట్టించినాడు" అంటే రెడ్డెమ్మ పడీపడీ నవ్వింది.

సంతకం మాత్రం ఉగాది తర్వాతేనంది. "పాత ఏడు కడపటి నెల్లో ఇల్లిడిచిపెట్టేదానికి నా మనసు ఒప్పదమ్మా" అంది. అది ఆమె ఇల్లు, ఆమె మనసు. నేనేం చెప్పగలను?

బ్యాంకు పెట్టిన ఇంజనీరు వచ్చి చూసి, గోడలు ఇంకో యాభై ఏళ్లు కదలవని రాసిచ్చాడు. అప్పు ఫైలు తయారుగా ఉంది. నా బడి పుంగనూరులోనే కాబట్టి నడిచి వెళ్లొచ్చు. ఉదయ్‌కి అంగళ్లు కాలేజీ దూరమవుతుంది, ల్యాబు తాళాలు ఆయన దగ్గరే కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి, సర్దుకుంటానంటున్నాడు. సంగీత అప్పుడే వెనక గది తనదని చెప్పుకుంటోంది. పుట్టినప్పటినుంచి బాడుగిళ్లల్లో హాలులో పడుకున్న పిల్ల.

అదీకాక నీకు గుర్తుందో లేదో, అమ్మ చెయ్యి. ఇప్పటికీ ఈ చుట్టుపక్కల టమాట నాటేవాళ్లు మొదటి నారు అమ్మ చేత్తోనే పెట్టిస్తారు. గడపలోకి రానివ్వని రైతులు కూడా ఆటో పంపి మరీ పిలుచుకుపోతారు. మొన్న ఒకాయన వచ్చి, "సిద్దమ్మా, నువ్వు చెయ్యి పెడితే మార్కెట్లో రేటు వస్తాదబ్బా" అన్నాడు. అలాంటి చేత్తో ఇంటికి అడ్వాన్సు ఇస్తానని, మంచి రోజున ఇస్తానని ఆమె ఆశ. అది మూఢనమ్మకం అంటావు. అను.

ఆ మార్చి ముప్పై ఒకటి సంగతి ఇంకోసారి వివరంగా రాయి. ఏది ఆ తేదీలోపల కావాలి?

చలి ఇంకా పోలేదు ఇక్కడ. నీ దగ్గు ఎలా ఉంది?

చెల్లెలు
రాణి


కుప్పం
13 మార్చి 2022

పాపా,

ఏది కావాలా? అంతా కావాలి. ఇల్లు కొనడమంటే ఇల్లు కొనడమే, అందులో ముక్కలేముంటాయి? మార్చి ముప్పై ఒకటి లోపల కొంటే రాయితీ, తర్వాత కొంటే లేదు. ఉగాది తర్వాత సంతకం పెట్టే రెడ్డెమ్మ ఇంటికి లేదు. ఇంతకంటే తెలుగులో ఎలా రాయాలో నాకు తెలియదు.

ఇక అసలు సంగతికొస్తాను. అమ్మకు ఇదీ చదివి వినిపించు.

అమ్మా, నీ చెయ్యి మంచిదని నిన్ను ఆటోలో పిలుచుకుపోయి నారు నాటించుకునేవాళ్లు, ఆ తర్వాత నీకు నీళ్లు ఎందులో పోశారు? చెప్పు. చేతికి మర్యాద ఇచ్చి మనిషికి ఇవ్వనివాళ్లు వాళ్లు. నీ చెయ్యిలో ఏ మహిమా లేదు. వాళ్ల భయం ఉంది, నీ కూలి ఉంది. ఆ ఇంటి గేటు బయట నీ పక్కన కూర్చుని అన్నం తిన్నాను నేను. పప్పులో ఇసుక తగిలింది. అదే ఇంటిని ఇప్పుడు అప్పు చేసి కొని, అందులో దీపం పెట్టి, దాన్నే గెలుపనుకుంటారా? వాళ్లు వాడి పారేసిన ఇల్లు మనకు కలా?

పైగా మంచి రోజు. ఏ మంచి రోజున మన బాడుగ కొట్టంలో చేరాం? నాయన ఏ మంచి రోజు చూసుకుని రాయి కొట్టాడు? మంచిరోజులు పొలమున్నవాళ్లవి. మనకున్నది తేదీ. మార్చి ముప్పై ఒకటి.

రాణీ, కొత్తింట్లో ఎవరూ మీరేమిట్లు, ఏ కులమని అడగరు. పక్కింటివాడు కూడా అప్పు చేసి వచ్చినవాడే. సమానత్వం మొదలయ్యేది అక్కడ. శేఖర్ దగ్గరికి వెళ్లు. బ్యాంకులో పుంగనూరు ఫైలు వెనక్కి తీసుకుని ఇది పెట్టు. అతని లేఔట్‌కు బ్యాంకు అనుమతి ముందే ఉంది, పదిరోజుల్లో అయిపోతుంది.

ఇందులో వాదన అనవసరం.

మీ
మూర్తి


మదనపల్లె
2 ఏప్రిల్ 2022, ఉగాది

అన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాం. ముప్పయ్యో తేదీన శేఖర్ ఇంటికి అప్పు మంజూరైంది, అదే రోజు అగ్రిమెంటు, స్థలం రిజిస్ట్రేషన్. ఇంకా ఇల్లు లేదు, పిల్లర్లున్నాయి. వచ్చే ఉగాదికి తాళం చేతిలో పెడతానన్నాడు. జిల్లాల విభజనలో మదనపల్లెకు అన్యాయం జరిగిందని ఊరంతా గొడవగా ఉంది. అతను మాత్రం, "ఈరోజు కాకపోతే రేపు జిల్లా ఈడికే వస్తాది మేడమ్, రేటు సూడండి అప్పుడు" అంటున్నాడు.

నీ ఉత్తరం అమ్మకు చదివాను. అమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత "పెద్దోడు సదువుకున్నోడు. వాడు సెప్పినట్లే కానీ" అంది. అంతే.

అడ్వాన్సు ఇంట్లో పెద్దదాని చేతుల మీదుగానే ఇవ్వాలని ఉదయ్ పట్టుబట్టాడు. శేఖర్ ఆఫీసులో అమ్మ లేచి నిలబడి కవరు పట్టుకుంది. ఒక్క క్షణం నా వైపు తిరిగి, "ఈ నెల్లో నా చెయ్యి వద్దు పాపా, నువ్వియ్యి" అంది. నేను వినలేదు. "ఏం కాదమ్మా, అన్న చెప్పాడు కదా" అన్నాను. ఇచ్చింది.

ఈరోజు పచ్చడి చేశాను. వేపపూత కుప్పమ్మ అత్త పంపింది. రెడ్డెమ్మ ఫోన్ చేసింది. "నేను సంతకానికి తయారుగా ఉండాను, మీరు యాల రాలేదు?" అని అడిగింది. నెట్‌వర్క్ లేదని పెట్టేశాను.

రాణి


కుప్పం
9 ఏప్రిల్ 2022

పాపా,

శభాష్. మన ఇంట్లో ఒక పని పంచాంగం చూడకుండా గడువు చూసి జరగడం ఇదే మొదలు. అమ్మకు చెప్పు, మంచి నెలో చెడ్డ నెలో పిల్లర్లకు తెలియదని. గృహప్రవేశానికి పురోహితుడు వద్దు, నేనే వచ్చి మాట్లాడతాను. ఏం మాట్లాడాలో అప్పుడే రాసుకుంటున్నాను.

రెడ్డెమ్మకు అబద్ధం చెప్పడం దేనికి? కొనడం లేదని చెప్పు. మనం ఆమెకు బాకీ లేము.

ఆనందంతో,
మూర్తి


మదనపల్లె
20 ఆగస్టు 2023

అన్నకు,

రాయక చాలా రోజులైంది. రాయడానికేముంది, పిల్లర్లు.

శేఖర్ చెప్పిన ఉగాది కూడా పోయింది. పిల్లర్ల పైన కమ్మీలు తుప్పు పట్టి, వానకు ఎర్రనీళ్లు కారి, దూరం నుంచి చూస్తే ఎవరో కొట్టి వదిలేసినట్టుంటాయి. శేఖర్‌కు ఫోన్ చేస్తే సిమెంటు రేటంటాడు, ఇసుకంటాడు, "మీకేం మేడమ్, గవర్నమెంటు జీతం" అంటాడు. బ్యాంకు వాయిదా, ఇంటి బాడుగ రెండూ నా జీతంలోంచే పోతాయి. మిగిలినదాంతో ఈ ఏడు టమాట కొన్నాం, ఊళ్లో అంత పెద్ద మార్కెట్ పెట్టుకుని బంగారం కొన్నట్టు కొన్నాం.

పన్ను సంగతి. ఈ ఫిబ్రవరిలో గుమాస్తా వేలు పెట్టిన చోట సంతకం పెట్టకుండా, నువ్వు చెప్పినట్టు అడిగాను. ఇల్లు పూర్తయి చేతికొస్తే గాని వడ్డీకి మినహాయింపు మొదలు కాదన్నాడు. కట్టిన వడ్డీని తర్వాత ఐదు ముక్కలు చేసి ఇస్తారట. ఆ రెండు లక్షలే మొదలు కానప్పుడు దానిపైన నువ్వు చెప్పిన లక్షన్నర ఎక్కడిది? అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం దాటి ఐదేళ్లలో, అంటే 2027 మార్చి లోపల ఇల్లు పూర్తి కాకపోతే, ఆ రెండు లక్షలు కూడా ముప్పై వేలకు పడిపోతాయట. ఇంకో సంగతి, ఈ ఏడునుంచి మనం నోరు తెరిచి అడగకపోతే కొత్త పద్ధతిలోనే పన్ను వేస్తారు, అందులో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి అసలు లెక్కే లేదు. ఇదంతా నీకు తెలుసా అన్నా? తెలిస్తే ఎందుకు రాయలేదు?

సరే. నేను రాయాలనుకున్నది ఇది కాదు.

అమ్మ నారు నాటడానికి వెళ్లడం లేదు. జూన్‌లో ఆటో వచ్చింది, వెళ్లలేదు. ఇంకొకాయన వచ్చి బతిమాలాడు. "నా చెయ్యి మంచిది గాదప్పా ఇప్పుడు. ఇంకెవురినన్నా పిలుసుకోండి" అని లోపలికొచ్చేసింది. పొద్దున పొయ్యి కూడా తను వెలిగించదు, నేను లేచేదాకా కాఫీ లేకుండా కూర్చుంటుంది. ఎందుకమ్మా అంటే చెప్పదు. మొన్న చెప్పింది. "వద్దంటాంటే ఆ నెల్లో ఇస్తిని. ఇంగెట్ల లేస్తాది ఆ ఇల్లు? బిడ్డ బతుకు మీద నా చెయ్యి పెడితిని."

నువ్వు చెబితే వింటుంది. ఏదో ఒకటి రాయి, అమ్మకు.

రాణి


కుప్పం
3 సెప్టెంబర్ 2023

పాపా,

రాయమన్నావు, రాశాను. దీంతోపాటు వంద కాపీలు పంపుతున్నాను. "ఇల్లు అమ్మినవాడు ఇల్లు చూపించాలి" అని శీర్షిక. శేఖర్ లేఔట్ బాధితులందరి తరఫున, మొదటి పేరు నీదే వేయించాను. ప్రభుత్వ ఉపాధ్యాయురాలి పేరుంటే బలం. మార్కెట్ యార్డు దగ్గర, బస్టాండు దగ్గర పంచండి.

ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో ఇప్పుడన్నా చూశావా? ముందు ఒక గడువు పెడతారు. గడువు పెడితే జనం పరిగెత్తుతారు. పరిగెత్తే జనం ఎదుట ఎవడో ఒకడు నాలుగు పిల్లర్లు పాతి నిలబడతాడు. రాయితీ మన పేరున ప్రకటించారు, సొమ్ము వాడి జేబులో పడింది. మొదటిసారి కొనేవాడికి సాయమన్నది నిజానికి మొదటిసారి మోసపోయేవాడిని మార్కెట్‌కు తోలే కర్ర. ఇదే కరపత్రంలో రెండో పేజీలో వివరంగా ఉంది.

అమ్మ చేతి గురించి నువ్వు రాసింది చదివి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లు చెప్పినా ఇదేనా? ఇల్లు ఆగింది కాంట్రాక్టరు దోపిడీ వల్ల, నెల వల్ల కాదు. ఈ ముక్క ఆమెకు చదువు, చాలు.

పోరాటంలో,
గురుమూర్తి


మదనపల్లె
6 ఫిబ్రవరి 2026

అన్నకు,

నీ కరపత్రం తర్వాత శేఖర్ నా ఫోన్ ఎత్తడం మానేశాడు. మిగతావాళ్లతో మాట్లాడతాడు. "ఆ టీచరమ్మ ఎర్ర కాగితాలు వేసింది గదా, ఆమెతో పేపర్లోనే మాట్లాడతా" అన్నాడట. హెడ్మాస్టరు పిలిచి సర్వీసు రూల్సు చూపించాడు. అప్పట్లో నీకు ఇది రాయలేదు. నువ్వు దానికీ ఒక కరపత్రం వేస్తావని భయం.

మదనపల్లె జిల్లా కేంద్రమైంది. టపాసులు కాల్చారు. మా పిల్లర్ల పక్కన స్థలాల రేటు పెరిగింది, పిల్లర్లు పెరగలేదు.

సంగీత కిందటి జూలైలో తిరుపతి కాలేజీకి వెళ్లింది. బయల్దేరేటప్పుడు అమ్మ దాచుకున్న డబ్బులు తెచ్చి బల్ల మీద పెట్టింది. "చేతికియ్యి అవ్వా" అని పిల్ల చేయి చాపింది. "వద్దు తల్లీ, ఆడినుంచి తీసుకో. నా చెయ్యి తగలగూడదు." పిల్ల ఏడ్చింది. హాస్టల్లో దానికి ఒక మంచం, ఒక బీరువా ఉన్నాయి. సొంత గది గురించి అడగడం మానేసింది.

గత నెల అమ్మను కంటి డాక్టరు దగ్గరికి పుంగనూరు తీసుకుపోయాను. వచ్చేటప్పుడు ఆటో ఆపమంది. నాకు బదిలీ అయినాక ఆ వీధికి పోనేలేదు, చూస్తే రెడ్డెమ్మ మిద్దె లేదు. ఎవరో కొని, షాపులు కట్టడానికి జేసీబీ పెట్టి పడగొట్టేశారు. రాళ్లు ఒక పక్క కుప్ప పోసి ఉన్నాయి. అమ్మ దిగింది. పక్క అంగడాయన్ని అడిగింది, ఎన్ని దినాలు పట్టిందని. వారం అన్నాడు. ఆటో ఎక్కినాక, "బాగనే కట్టినాం" అంది.

ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను.

సోమవారం వడ్డీ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకు వెళ్లాను. మాధవీలత అని కొత్త ఆఫీసరు, మంచమ్మాయి. పాత ఫైలు తిప్పుతూ, "మేడమ్, పుంగనూరు ఇంటికి అన్నీ సరిగ్గా ఉన్నాయి కదా, ఎందుకు వదిలేశారు?" అంది. రిజిస్ట్రేషన్ ఉగాది తర్వాత కాబట్టి గడువు దాటుతుందని చెప్పాను. ఆమె నా మొహం చూసింది. "గడువు అప్పు మంజూరుకే కదా మేడమ్. ముప్పై ఒకటి లోపల మంజూరు చేయించుకుని, రిజిస్ట్రేషన్ ఏప్రిల్లో పెట్టుకున్నా సరిపోయేది. అప్పట్లో చాలామంది అట్లే చేసుకున్నారు" అంది.

సర్టిఫికెట్ తీసుకుని వచ్చేశాను.

నేను నిన్ను అడిగాను అన్నా. ఏది ఆ తేదీలోపల కావాలని అడిగాను. అంతా కావాలన్నావు. నేను చదవలేదు, ఎందుకంటే నువ్వు చదివావు. మంజూరుకే గడువని నీకు తెలుసా, తెలియదా? తెలిసీ ఆ ఇల్లు మనకొద్దని అలా రాశావా? లేక తెలియకే రాశావా? ఏదైనా సరే, ఒక్క ముక్క రాయి.

రాణి


కుప్పం
15 ఫిబ్రవరి 2026

పాపా,

నీ ప్రశ్నే తప్పు. మంజూరా, రిజిస్ట్రేషనా అన్నది కాదు ప్రశ్న. ఒక టీచరు తన ఇంటి కోసం చట్టంలో ఒక పదాన్ని పట్టుకుని వేలాడాల్సిన పరిస్థితి ఎందుకొచ్చింది, అదీ ప్రశ్న. ఆ నిబంధనను మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో ఎందుకు రాయలేదు? పేపర్లు "మార్చి 31 వరకే" అని పెద్దక్షరాలతో వేసి మిగతాది ఎందుకు మింగేశాయి? ఆడిటరున్నవాడికి ఒక చట్టం, అన్న మాత్రమే ఉన్నవాడికి ఒక చట్టమా?

ఇంకా వెనక్కి వెళ్దాం. ప్రభుత్వం ఇళ్లు కట్టించాలి. కట్టించడం మానేసి, కొనుక్కో, కొంటే పన్ను తగ్గిస్తానంది. పన్ను కట్టలేని కోట్లమందిని ఆ ఒక్క వాక్యంతో ఊరవతల నిలబెట్టింది. ఆ తర్వాత కొత్త పద్ధతి తెచ్చి, కొన్నవాళ్ల నుంచీ ఆ మినహాయింపు తీసేసింది. పోయినేడు పన్నెండు లక్షల దాకా పన్నే లేదంది. అంటే నువ్వు ఏ రాయితీ కోసం పరిగెత్తావో, ఆ రాయితీకి ఇవాళ నీ జీతంలో అర్థమే లేదు. ఒక మనిషి ఇంటికి ముప్పై ఏళ్ల అప్పు, ఒక చట్టానికి మూడేళ్ల ఆయుష్షు. ఈ అన్యాయం మీద మనమందరం కలిసి కొట్లాడాల్సిన సమయంలో నువ్వు అన్నను బోనులో నిలబెడతావా?

రెడ్డెమ్మ ఇల్లు కూలిందంటే నాకు బాధ లేదు. అబద్ధం చెప్పను. ఆ గేటు పోయినందుకు మంచిదే.

ఈ విషయం మీద పెద్ద వ్యాసం రాస్తున్నాను. నీ అనుభవం పేరు మార్చి వాడుకుంటాను.

గురుమూర్తి


మదనపల్లె
1 మార్చి 2026

అన్నకు,

నాలుగు పేజీలు రాశావు. ప్రతి మాటా నిజమే. నేనడిగిన దానికి మాత్రం జవాబు లేదు. లేకపోవడమే జవాబని తీసుకుంటున్నాను.

పన్ను గురించి నువ్వు చెప్పేవన్నీ ఒప్పుకుంటాను. గడువు పెట్టినవాళ్లది తప్పు. అర్థం కాకుండా రాసినవాళ్లది తప్పు. పిల్లర్లు పాతి పోయినవాడిది తప్పు. ఇందరి తప్పుల్లో మన ఇంట్లో శిక్ష మాత్రం అమ్మ ఒక్కతే అనుభవిస్తోంది. నాలుగేళ్లుగా తన చేయి చూసుకుని భయపడుతోంది. ఆమెకు దోపిడీ గురించి చదివాను, నువ్వు రాసినట్టే. విని, "దోపిడీ అందురికీ ఉండాది పాపా. మనిల్లే యాల నిలిచిపాయ?" అంది. దీనికి జవాబు నీ దగ్గరుంది. ఆ నెలలో ఏ దోషమూ లేదనీ, అసలు శేఖర్ ఇల్లు కొనాల్సిన పనే లేదనీ, తను తట్టి చూసిన గోడల మధ్య రాయితీతోపాటు ఉండగలిగేదనీ, అది తప్పింది తన చేతివల్ల కాదు, కొడుకు చదివి చెప్పిన మాటవల్లేననీ తెలిస్తే, ఆ భయం పోవచ్చు. నేను చెప్పి చూశాను. "నా మీద ప్రేమకొద్దీ అన్న మీద ఏస్తాండావు. వాడు తప్పు సదివే బిడ్డ గాదు" అంది.

జీవితమంతా మూఢనమ్మకాల మీద రాశావు. నీ తల్లికున్న ఒక్కదాన్ని తీయడానికి నీ నోటినుంచి ఒక్క వాక్యం రావాలి. అది రాదని నాకు దాదాపు తెలుసు. అయినా అడుగుతున్నాను. మీ సభల్లో చదివే తీర్మానాల మాదిరే రాస్తున్నాను, నీకు అలవాటైన పద్ధతి అని.

1. ఈ ఉత్తరానికి జవాబు రాయొద్దు.

2. మా అనుభవం పేరు మార్చి కూడా ఎక్కడా వాడొద్దు.

3. వచ్చే ఆదివారం మదనపల్లెకు రా. పలమనేరు, పుంగనూరు మీదుగా వచ్చే బస్సే ఎక్కు. ఆ రాళ్ల కుప్ప దగ్గర కిటికీలోంచి చూడు.

4. అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పు: గడువు మంజూరుకే, రిజిస్ట్రేషనుకు కాదు. నేను తప్పుగా చెప్పాను. ఈ రెండు ముక్కలే. ప్రభుత్వం గురించి ఆ రోజు మాట్లాడొద్దు.

5. శేఖర్‌తో మాట్లాడటం మాకు వదిలెయ్యి.

6. వెళ్లేటప్పుడు అమ్మను ఏదైనా ఇవ్వమని అడుగు. బస్సు చార్జీ అయినా సరే. ఆమె బల్ల మీద పెడుతుంది. తీసుకోవద్దు. నీ చేతిలో పెట్టేదాకా గడప దాటొద్దు.

రాణి